విషాల గోడ మీద లేని గీతలు

మూడో గాలిబాయి తలుపు మూసి ఏడో తోవ సొరంగంలో ఉండే జనం ఊపిరిని సగం చేశారు. చేసింది మీరు, గాలి కమిటీ. సాకు నా రేకు. నా రేకు మీద కనిపించిన గీతలకు మీరు విషం అని పేరు పెట్టారు. అది విషం కాదని మీకు చెప్పిన తర్వాత కూడా తలుపు తెరవలేదు. ఎందుకు కాదో కింద ఉంది. ఇవి నా రోజువారీ నమోదులు. కమిటీకి చూపించాలని రాసుకున్నవి కావు కాబట్టి వీటిలో మర్యాద వెతక్కండి. ఒక్క మాట కూడా మార్చలేదు.

లసుమ, రేకుల గది, మొదటి షిఫ్ట్

నమోదు 212

పైగాలి లోపలికి దిగే మూడు గాలిబాయిల నుంచి రేకులు దించాను. నిన్న వేలాడదీసినవి ఇవాళ చదవాలి, ఇవాళ్టివి రేపు. రేకును అంచులు పట్టుకుని మోయాలి, ముఖం ముట్టకూడదు. చేతి చెమట కూడా గీతలు రాస్తుంది. వంటశాల వాళ్ళు పసుపు చేతులతో ముట్టారంటే లేజర్ కింద తెరంతా మంటపెట్టినట్టు వెలిగిపోతుంది, ఇంకేమీ కనబడదు. అందుకే మా గది గుమ్మం దగ్గర చేతులు కడిగే తొట్టి ఉంది. అందుకే వంటశాల వాళ్ళకు మేమంటే మంట.

కొన్ని రేకులకు పూత పోయింది. మళ్ళీ వేశాను. ఈసారి వెండి ఐదో తోవ వాళ్ళు ఇచ్చారు, కాళ్ళ కడియాలు, ఒక పసిపిల్ల మొలతాడు. గాజు కుండలో గాలంతా తోడేసి కడియం ముక్కను కాగబెడితే వెండి ఆవిరై ఇనప రేకు మీద మంచులా దిగుతుంది. కంటికి అద్దంలా నున్నగా ఉంటుంది. కానీ అది నునుపు కాదు. అంతా బొడిపెలే, ఏ కన్నూ చూడలేనంత చిన్నవి. దాని మీద ఇంకో పలచటి పూత వేస్తాం, గాలిలో కొట్టుకుపోయేవాటిని పట్టి ఆ బొడిపెల సందుల్లో కూర్చోబెట్టడానికి.

తర్వాత లేజర్. పచ్చది. పడిన వెలుగు దాదాపు అంతా పచ్చగానే తిరిగొస్తుంది. కోట్ల రవ్వల్లో ఒక్క రవ్వ మాత్రం అక్కడ కూర్చున్న అణువును ఊపి, ఆ ఊపుకు తన బలంలో కొంత ఇచ్చుకుని, రంగు మారి వస్తుంది. వెండి బొడిపెలు లేకపోతే ఆ ఒక్క రవ్వ ఎవరికీ తెలియకుండా పోయేది. వెండి దాన్ని వెయ్యింతలు, లక్షింతలు చేస్తుంది. తెర మీద అది గీతలుగా విడిపోతుంది. ఒక్కో వాయువుది ఒక్కో వరస. ఒకదాని వరస ఇంకోదానికి రాదు.

నేను ఈ గదికి మొదట ఊడవడానికి వచ్చాను. చీపురు చేతిలో పట్టుకునే తెర చూశాను. ఎవరో ఆడమనిషి కాలికి పెట్టుకున్న వెండి, కంటికి కనబడని గాలిని పట్టుకుని, ఇదిగో ఇది ఎవరో చూడు అంటోంది. ఆ రోజు గది సగమే ఊడ్చాను. మిగతా సగం ఇప్పటికీ అట్లాగే ఉందని శరభయ్య సారు ఎత్తిపొడుస్తాడు. ఆయన గాలి అధికారి. తలుపుల సంగతి ఆయనది, రేకుల సంగతి నాది.

ఇవాళ మూడో గాలిబాయి రేకు మీద ఐదు గీతలు వచ్చాయి. సన్నగా ఉన్నాయి కానీ ఐదూ ఉన్నాయి. వెనక్కి తిరిగి గోడ చూశాను. మా గది వెనక గోడంతా బొగ్గు పొర. పైన ఎండ బతకనివ్వక ఈ పాత బొగ్గు బాయిలోకి దిగిన తొలి తరం, దాని మీద సున్నంతో ఒక్కో విషం గీతలు వేసింది. గీతల కింద దాని పేరు, ఎంతవరకు ఓర్చుకోవచ్చో హద్దు, దానివల్ల పోయినవాళ్ళ పేర్లు. ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికాను. ఈ ఐదు గీతలు గోడ మీద లేవు.

నమోదు 213

ఇవాళ ఇంకా గట్టిగా వచ్చాయి. శరభయ్య సారును పిలిచాను. ఆయన తెర చూశాడు, గోడ చూశాడు, మళ్ళీ తెర చూశాడు. తలుపు మూయమని కమిటీకి కబురు పెట్టాడు. కమిటీ ఒక్క మాట అడక్కుండా ఒప్పుకుంది.

నేను ఊరుకోలేదు. ఏడో తోవకు గాలి వచ్చేదే మూడో గాలిబాయి నుంచి, పక్క తోవల నుంచి మళ్ళించే గాలి సగానికి కూడా సరిపోదు, ఎవరికైనా దగ్గు వచ్చిందా, కళ్ళు మండాయా, ముందు అదన్నా కనుక్కోండి అన్నాను. ఎవరికీ ఏమీ కాలేదని ఆయనకూ తెలుసు.

"రెండో తోవల గూడ ఎవలికీ ఏం గాలే, మొదాల," అన్నాడు. "గిట్లనే ఒక గీత అచ్చింది. ఏదో ఉంటదిలే అని నేనే తలుపు తెరిచి పెట్టిన. తెల్లారి నా ఇంటిదాన్ని ఈ చేతులతోటే ఎత్తుకచ్చిన. పేరు తెల్వనిదాన్ని నేను లోపలికి రానియ్య, లసుమా."

"మూస్తే సచ్చిపోరా సారూ?"

"మెల్లగ పోతరు. మెల్లగ పోయేటోల్లను కాపాడుకోవచ్చు."

ఆ ఇంటామె పేరు గోడ మీద మూడో వరసలో ఉంది. నేను రోజూ చూసే పేరే. తలుపు మూశారు. మూడు తాళాలు వేశారు, ఒకటి ఆయనది, రెండు కమిటీవి.

నమోదు 215

ఏడో తోవకు పోయాను. మా అన్న ఓదెలు, వదిన భూలక్ష్మి అక్కడే ఉంటారు. వదినకు నెలలు నిండుతున్నాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మాట్లాడుతూ మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటోంది, దప్పికైనవాడు నీళ్ళు తాగినట్టు. అన్న పంపుల పని మానేసి పక్కన కూర్చుని అట్టతో విసురుతున్నాడు. లేని గాలిని విసిరితే ఏం వస్తుంది?

వేరే తోవకు మార్చమని మంత్రసానిని అడిగాను. దారిలో రెండు చోట్ల పాకాలి, ఈ కడుపుతో పాకనివ్వనంది. పైగా తక్కిన తోవలన్నీ కిక్కిరిసి ఉన్నాయి.

వదిన మాత్రం నన్ను చూసి నవ్వింది. "కడుపుల ఉన్నోడు ఊపిరి తీసుకోడంట గదనే. మరి నా వాటా అంత ఎవడు గుంజుకుంటుండు?"

గుంజుకున్నది నా రేకు.

నమోదు 219

ఇవాళ బాయి మైసమ్మకు బోనాలు. కూడలిలో, అమ్మవారి గద్దె ముందు, ఇంటికొకరు వచ్చి వండుతారు. ఏడాదంతా మనం తినేది జొన్న గట్క, పుట్టగొడుగులు. ఈ ఒక్క రోజుకు మాత్రం నాలుగో తోవలో దీపాల కింద పెంచిన చిట్టిముత్యాల బియ్యం ఇంటికి గుప్పెడు పంచుతారు. పాలు, బెల్లం వేసి ఆ బియ్యం ఉడికిస్తారు.

మూసిన తలుపు సందుల్లోంచి ఆ పేరులేనిది కారి కూడలి దాకా వస్తోందేమోనని నాకు భయం. అంతమంది ఒక్కచోట చేరతారు. అందుకని తలుపు దగ్గర మొదలుపెట్టి గద్దె దాకా వరసగా రేకులు కట్టాను. మామూలుగా రేకును ఒక రోజంతా ఉంచుతాం. ఈసారి వంట నడుస్తుండగానే గద్దె దగ్గరిది ఒకటి ముందు దించి చదివాను.

ఐదు గీతలు. మూడో గాలిబాయిలో వచ్చినదానికన్నా ఎన్నో రెట్లు గట్టిగా.

ప్రమాద గంట తాడు లాగాను.

తడి గుడ్డలు ముక్కులకు కట్టుకుని జనం తోవల్లోకి పరుగెత్తారు. విషం గాలిలో ఉన్న తిండి తినకూడదనేది తొలి తరం పెట్టిన కట్టు. కుండలన్నీ గుంతలో కుమ్మరించారు. ఎల్లవ్వ ఒక్కతి కదల్లేదు. బోనం వండటంలో ఈ బాయి కింద ఆమె తర్వాతే ఎవరైనా.

"ఏందే పిల్లా, మైసమ్మకు పెట్టే బువ్వల ఇసమా? నేను వండిన బువ్వల?"

నడువు అవ్వా, తర్వాత తిడుదువు అన్నాను.

"తర్వాత ఏం తిడత. ఏడాదికి ఒక్కపారి, బిడ్డా. ఒక్కపారి." కుండ చంకన పెట్టుకుని, నా మొహం కూడా చూడకుండా పోయింది. ఆమె కుండ ఒక్కటి గుంతలోకి పోలేదు. ఆపే ధైర్యం నాకు లేకపోయింది.

నమోదు 220

తక్కిన రేకులు చదివాను. మొదట లెక్క తప్పానేమో అనుకున్నాను. రేకులు తారుమారయ్యాయేమో అని అంచున చెక్కిన గుర్తులు చూశాను. సరిగ్గానే ఉన్నాయి.

మూసిన తలుపు దగ్గరి రేకు మీద గీతలు సన్నగా ఉన్నాయి. దూరం పోయేకొద్దీ లావవుతున్నాయి. గద్దె దగ్గర అన్నిటికన్నా గట్టిగా ఉన్నాయి. కారేది తలుపు నుంచైతే తలుపు దగ్గర గట్టిగా ఉండాలి కదా. ఇది తిరగబడి ఉంది. గద్దె దగ్గరే పుట్టింది. గద్దె దగ్గర ఉన్నవి కుండలు, మనుషులు, మైసమ్మ. మనుషులు ఏడాదంతా ఉంటారు. మైసమ్మా ఉంటుంది.

చేతులు కడుక్కుని ఎల్లవ్వ ఇంటికి పోయాను. తలుపు తీయలేదు. తీసేదాకా నిలబడ్డాను. కుండ అడుగున అంటిన నాలుగు మెతుకులు ఇయ్యవ్వా అంటే, ఇంకా ఏం మిగిలిందని పారబోస్తవని అడిగింది. పారబోయను, చదువుతాను అన్నాను. ఆమెకు ఏమర్థమైందో, కుండ ఇచ్చి నా వెనకే వచ్చింది.

మెతుకులు గిన్నెలో వేసి, కొంచెం నీళ్ళు పోసి కాగబెట్టి, ఆవిరి మీద కొత్త రేకు పట్టాను. లేజర్ పెట్టెలో పెట్టాను. లేజర్ వేశాను.

ఐదు గీతలు. అవే ఐదు, అవే చోట్ల, అదే పొడుగు పొట్టి.

నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అది అన్నం వాసన. ముక్కుకు మాత్రమే తెలిసేదనుకున్న వాసన నా ముందు పచ్చటి వెలుగులోంచి లేచి, ఐదు వేళ్ళు చాచినట్టు తెర మీద నిలబడి ఉంది. నా తలకాయలో కోపం తప్ప ఇంకేమీ లేదని అన్న అంటుంటాడు. ఆ కాసేపు కోపం కూడా లేదు. ఎల్లవ్వ తెర దగ్గరికి వచ్చి, వేడి తగులుతుందేమో అన్నట్టు చెయ్యి దూరంగా పట్టి చూసింది.

"గిది నా బువ్వనా?"

అవునన్నాను.

"అందంగున్నది," అంది. తన తల్లి చెప్పిన మాట చెప్పింది. తల్లి పైన పుట్టిన మనిషి. చిట్టిముత్యాల వరి ఈనినప్పుడు మడిగట్టు మీద నడిస్తే, ఇంకా కోయకముందే, దంచకముందే, ఎక్కడో అన్నం ఉడుకుతున్నట్టు వాసన వచ్చేదట. నడిచేవాళ్ళకు ఆకలయ్యేదట.

నేను గోడ వైపు తిరిగాను. ఎన్నేళ్ళుగా రాస్తున్నాం ఈ గోడ మీద. అన్నీ చంపేవే. బతికించేది ఒక్కటి కూడా మనం రాసుకోలేదు. అందుకే అన్నం వచ్చి తలుపు తడితే గుర్తుపట్టలేక మూడు తాళాలు వేశాం.

నమోదు 221

శరభయ్య సారుకు చెప్పాను. నా మాట నమ్మలేదు, నమ్మనని కూడా అనలేదు. విత్తనాల గదికి పోయి చిటికెడు చిట్టిముత్యాలు తెచ్చాడు, చిన్న గిన్నెలో తనే ఉడికించాడు, రేకు తనే పట్టాడు, తనే చదివాడు. ఐదు గీతలు చూశాడు.

అప్పుడు అడగాల్సినవే అడిగాడు. ఇంకో వాయువు కూడా ఇవే గీతలు రాస్తే? ఒక్క గీత కలిస్తే అట్లా అనుకోవచ్చు, ఐదూ కలిసి, పొడుగు పొట్టి కూడా కలిస్తే అట్లా అనలేం అన్నాను. పైన మట్టి కాలి ఇటుకైపోయిందని మన పెద్దలు చెప్పారు, ఇటుకలో వరి ఎట్లా మొలుస్తుందని అడిగాడు. నాకు తెలియదన్నాను. మన పెద్దలు దిగినప్పటి సంగతి వాళ్ళు చెప్పారు, ఇప్పటి సంగతి రేకు చెబుతోంది అన్నాను.

గిన్నెలో అన్నం చల్లారింది. పారబోయలేదు. వేళ్ళతో తీసుకుని తిన్నాడు, ఒక్కో మెతుకు.

కమిటీకి కబురు పెట్టాడు. కమిటీ జవాబు: పేరులేని గీతకు పేరు పెట్టే అధికారం నిండు సభకే ఉంది, సభ వచ్చే నెల కూర్చుంటుంది.

వచ్చే నెలకు వదిన ఏ ఊపిరితో నొప్పులు పడాలో ఆ జవాబులో లేదు.

నమోదు 223

ఏడో తోవలో ఇద్దరు ముసలివాళ్ళను మోసుకుని బయటికి తెచ్చారు. పాకాల్సిన చోట తాళ్ళు కట్టి గోనెపట్టా మీద లాగారు. బతికే ఉన్నారు. వదినను అట్లా కూడా లాగనివ్వనంది మంత్రసాని. వదిన పెదాల రంగు మారింది. మాటలు తగ్గించింది. జోకులు అసలే లేవు, నాకు భయమేసింది దానికే.

అక్కడి నుంచి తిన్నగా మూడో గాలిబాయి తలుపు దగ్గరికి పోయాను. రేకు అంచుల చుట్టూ గుడ్డ చుట్టి, కీలు సందులో గాలి సన్నగా కారేచోట ఆనించి పెట్టాను. ఎందుకో నాకే సరిగా తెలియదు. తలుపు పగలగొట్టలేక కాబోలు.

నమోదు 224

రేకు దించి చదివాను.

అన్నం ఐదు గీతలు ఉన్నాయి. ఇదివరకటికన్నా గట్టిగా ఉన్నాయి. వాటి పక్కన ఇంకో వరస. కొత్తది కాదు, ఇది గోడ మీద ఉంది. కింది వరసలో, సున్నం సగం రాలిపోయినచోట. ఈ గదిలో పని చేస్తున్నన్నాళ్ళూ దాన్ని ఒక్కసారి కూడా తెర మీద చూడలేదు. దగ్గరికి పోయి గుడ్డతో దుమ్ము తుడిచి పేరు చదివాను.

కట్టెల పొగ.

మన దగ్గర కట్టె లేదు. బాయి కింద కట్టె కాల్చకూడదని తొలి తరం కట్టు, కాల్చడానికి చెట్టూ లేదు. మనం వండేది వేడి పలకల మీద. ఈ పొగ మనది కాదు.

నిన్నటిదాకా నేననుకున్నది, పైన ఎవరూ లేని మడిలో వరి దానంతటది ఈనిందని. అదే నాకు పట్టలేనంత పెద్ద సంగతి. కానీ మడికి పొగ ఉండదు. పొగా, అన్నమూ ఒకే రేకు మీద, ఒకే గాలిలో వచ్చాయంటే ఎవరో మూడు రాళ్ళు పెట్టారు. పుల్లలు ఏరారు. ఎసరు పెట్టారు.

నేల మీద కూర్చున్నాను. నా తల మీద ఇంత రాయి, ఇంత బొగ్గు, ఇంత మట్టి. వాటన్నిటి మీద ఒక మనిషి కూర్చుని అన్నం ఉడికిందా లేదా అని మెతుకు పట్టి చూస్తున్నాడు. ఆ మనిషికి నేనున్నానని తెలియదు. ఆమె పొయ్యి మీది ఆవిరి గాలిలో కలిసి, బాయిలోకి దిగి, మూసిన తలుపు కీలులో దూరి, ఎవరో పసిపిల్ల మొలతాడు వెండి మీద వచ్చి కూర్చుంది. (ముందు 'చూస్తున్నాడు' అని రాసి తర్వాత 'ఆమె' అన్నాను. ఎవరో నాకేం తెలుసు. దిద్దను.)

శరభయ్య సారు వచ్చాడు. నేను లేవకుండానే తెర చూపించాను. చూశాడు. మళ్ళీ లేజర్ వేయమన్నాడు. వేశాను. గోడ దగ్గరికి పోయి పొగ గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే పోల్చుకున్నాడు. తిరిగి వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన నేల మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

"ఎంతమందికి వండుతుండ్రో," అన్నాడు.

తర్వాత జేబులోంచి తన తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. రెండో తోవ సంగతి మీరు మరిచిపోయారా అని అడిగాను.

"మరిచిపోలే. గప్పుడు నాకు పేరు తెల్వదు. ఇప్పుడు తెల్సు. ఇది నా చెవి. కడమ రెండు నీ తిట్లతోటి తెచ్చుకో."

కమిటీకి

కాబట్టి తిడుతున్నాను.

సభ దాకా ఆగే పని లేదు. మీ కట్టు ప్రకారమే మాట్లాడుకుందాం. పేరులేని గీత వస్తే తలుపు మూయాలి. పేరున్న విషం హద్దు లోపల ఉంటే తలుపు తెరిచే ఉంచాలి. పొగకు గోడ మీద పేరుంది, హద్దుంది. నా రేకు మీద ఉన్నది ఆ హద్దులో పదో వంతు కూడా లేదు. మిగిలిన ఐదు గీతలకు పేరు కావాలంటే మీలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఏడాదికోసారి గద్దె ముందు వరసలో నిలబడి మీరంతా రెండు చేతులూ చాపి పెట్టించుకునేది దాన్నే. ఈసారి నావల్ల పెట్టించుకోలేకపోయారు. ఆ తప్పు ఎల్లవ్వ ముందు ఒప్పుకున్నాను, మీ ముందూ ఒప్పుకుంటున్నాను. దానికి శిక్ష నాకు వేయండి. ఏడో తోవకు వేయకండి.

మీ భయం నాకు తెలుసు. పైన మనుషులుంటే వాళ్ళెవరు, మనల్ని చూసి ఏం చేస్తారు, ఇదే కదా. నాకూ భయమే. కానీ మూసిన తలుపు వాళ్ళను ఆపడం లేదు. వాళ్ళు వండుకుంటున్నారు, తింటున్నారు, వాళ్ళకు మన ఊసే లేదు. తలుపు ఆపుతున్నది మా వదినకు రావలసిన గాలిని.

రేపు రెండో షిఫ్ట్ హూటర్ మోగేలోపు మిగతా రెండు తాళంచెవులు మూడో గాలిబాయి తలుపు దగ్గరికి రావాలి. ఇవ్వం అంటారా, ఆ హూటర్ లోపే జవాబు చెప్పండి. కాగితం పంపకండి. ఏడో తోవకు మీరే నడిచి వచ్చి, పాకాల్సిన చోట పాకి, భూలక్ష్మి ముందు కూర్చుని, అన్నం విషమని ఆమె మొహం చూస్తూ చెప్పండి.

హూటర్ మోగేటప్పుడు నేను తలుపు ముందు ఉంటాను. శరభయ్య సారు తాళం తీసేసి ఉంటుంది. మిగిలిన రెండు తాళాలకు మా అన్న పంపుల గదిలోంచి గడ్డపార తెస్తున్నాడు.